పసిఫిక్ వేడి, పాలమూరు వాన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సముద్రాల ఉష్ణోగ్రతకూ మన వానలకూ ఉన్న సంబంధం గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే ప్రశ్న చాలామంది అడిగినచోట ఒక్కరి ఉత్తరమే తీసుకున్నాం.

ప్ర: ఎల్‌నినో వస్తే వానలు తగ్గుతాయని టీవీల్లో చెప్తున్నారు. పసిఫిక్ సముద్రం ఎక్కడ, మా చెలక ఎక్కడ? అక్కడ నీళ్లు వేడెక్కితే ఇక్కడ వాన ఎందుకు తగ్గాలి? ఎల్‌నినో అంటే పత్తి మానాలా? (పత్తి రైతు, జడ్చర్ల)

జ: పసిఫిక్‌లో భూమధ్యరేఖ వెంబడి మామూలుగా గాలి తూర్పు నుంచి పడమరకు, అంటే పెరూ వైపు నుంచి ఇండోనేషియా వైపు వీస్తుంది. ఎండకు కాగిన పైనీటిని ఆ గాలి పడమటికి నెట్టుకుపోతుంది. అందుకే ఇండోనేషియా దగ్గర సముద్రమట్టం పెరూ దగ్గరికంటే దాదాపు అర మీటరు ఎత్తులో ఉంటుంది. అక్కడ పైనీరు 29, 30 డిగ్రీలుంటుంది. వెచ్చటి పొర మందం 150 మీటర్ల పైమాటే. పెరూ వైపు ఆ పొర 50 మీటర్లకు మించదు, కింది నుంచి చల్లనీరు ఎగదన్నుతూ ఉంటుంది. వెచ్చటి నీటి మీద గాలి పైకి లేచి ఇండోనేషియా చుట్టూ కుండపోతగా కురుస్తుంది. పైకి లేచిన గాలి తూర్పుకు వెళ్లి పెరూ దగ్గర కిందికి దిగుతుంది.

ఎల్‌నినో ఏడు ఆ తూర్పుగాలి మెత్తబడుతుంది. పడమట పోగైన వెచ్చటి నీరు రెండు మూడు నెలల్లో తూర్పుకు జారిపోతుంది. తూర్పున నీరు వేడెక్కేకొద్దీ గాలి ఇంకా మెత్తబడుతుంది, గాలి మెత్తబడేకొద్దీ నీరు ఇంకా వేడెక్కుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి కాబట్టే మొదలైన ఎల్‌నినో తొమ్మిది నెలలు, ఏడాది దాకా వదలదు. గాలి పైకి లేచే చోటు పసిఫిక్ నడిమధ్యకు జరిగిపోతే, ఇండోనేషియా నుంచి మన దేశం దాకా గాలి కిందికి దిగడం మొదలవుతుంది. కిందికి దిగే గాలిలో మబ్బు నిలవదు. బంగాళాఖాతంలో అల్పపీడనాలు తగ్గుతాయి, పుట్టినవీ భూమ్మీద ఎక్కువ దూరం నడవవు. పాలమూరుకు వాన తెచ్చేవి ముఖ్యంగా అవే. కాబట్టి మీకు ఎల్‌నినో కనిపించేది వానకూ వానకూ మధ్య పెరిగే బెట్ట రూపంలో.

అర డిగ్రీ వేడికే ఇంత హడావుడి ఎందుకని చాలామందికి సందేహం. మధ్య పసిఫిక్‌లో 5 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య, 120 నుంచి 170 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మధ్య ఉన్న ప్రాంతాన్ని నినో 3.4 అంటారు. దాని విస్తీర్ణం మన దేశానికి దాదాపు రెండింతలు. అక్కడ మూడు నెలల సగటు మామూలుకంటే 0.5 డిగ్రీలు, అంతకుమించి పెరిగి, ఒకదాని మీదొకటి వచ్చే అలాంటి ఐదు సగటుల్లోనూ తగ్గకపోతే అమెరికా వాతావరణ సంస్థ దాన్ని ఎల్‌నినో లెక్కలో వేస్తుంది. సముద్రంలో పై రెండున్నర మీటర్ల నీటికి, దాని మీదున్న గాలి మొత్తానికి ఉన్నంత వేడి పట్టే శక్తి ఉంది. అంత విస్తీర్ణంలో అర డిగ్రీ అంటే గాలి దారినే మార్చేంత వేడి.

పత్తి మానాలా అన్నారు. ఎల్‌నినో ఏళ్లలో సగానికి పైగా దేశంలో వాన తగ్గింది, మిగతా ఏళ్లలో తగ్గలేదు. ఆ పేరొక్కటీ విని పంట మానుకోవద్దు. విత్తే ముందు ఏం చూడాలో చివరి ఉత్తరానికి ఇచ్చిన జవాబులో వివరంగా ఉంది.

ప్ర: 1997లో వచ్చిన ఎల్‌నినో ఆ శతాబ్దంలోనే అతి బలమైనవాటిలో ఒకటి అంటారు. అయినా ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. 2002లో అంత బలం లేని ఎల్‌నినోకే కరువొచ్చింది. మరి ఈ సిద్ధాంతం ఎలా నిలుస్తుంది? (డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ)

జ: మంచి ప్రశ్న. శాస్త్రవేత్తలను ఏళ్ల తరబడి వేధించిన ప్రశ్న కూడా. 1997లో దేశ సగటు వర్షం మామూలులో 102 శాతం. 2002లో 81 శాతమే, అందులోనూ జూలై నెల సగానికి సగం ఎండిపోయింది. తేడాకు రెండు కారణాలు.

మొదటిది, వేడి ఎక్కడుందన్నది. 1997లో పెరూ తీరం వైపు పసిఫిక్ విపరీతంగా కాగింది. 2002లో వేడి మధ్య పసిఫిక్‌లో కేంద్రీకృతమైంది. వేడి తూర్పు కొసన ఉంటే గాలి కిందికి దిగే చోటు కూడా తూర్పుకు జరిగి మనల్ని కొంత వదిలేస్తుంది. మధ్యలో ఉంటే ఆ దిగుడు సరిగ్గా మన నెత్తిన పడుతుంది. కాబట్టి ఎల్‌నినో ఎన్ని డిగ్రీలో చూసి ఊరుకోకూడదు, ఎక్కడుందో కూడా చూడాలి.

రెండోది మన హిందూ మహాసముద్రం. 1999లో సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా కలిసి ప్రచురించిన పరిశోధన ఇండియన్ ఓషన్ డైపోల్ అనే ఊగిసలాటను బయటపెట్టింది. ఆఫ్రికా వైపు పడమటి హిందూ మహాసముద్రం వేడెక్కి, సుమత్రా వైపు తూర్పు చల్లబడితే అది పాజిటివ్ డైపోల్. రెండు వైపుల ఉష్ణోగ్రతల్లో మామూలుకంటే వచ్చిన తేడా 0.4 డిగ్రీలు దాటితే లెక్కలోకి వస్తుంది. పాజిటివ్ దశలో తేమగాలి మన వైపు మళ్లి ఎల్‌నినో నష్టాన్ని కొంత పూడుస్తుంది. 1997లో జరిగింది ఇదే. 2019లో బలమైన పాజిటివ్ డైపోల్‌తో పాటు దేశంలో 110 శాతం వర్షం పడింది.

అయితే డైపోల్‌ను గుడ్డిగా నమ్మకూడదు. అది సాధారణంగా వానాకాలం మొదట్లో పుట్టి, సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య ముదురుతుంది. పైరు గింజ పట్టే ఆగస్టుకు దాని సాయం అందకపోవచ్చు. 2023 అందుకు నిదర్శనం. ఎల్‌నినో, పాజిటివ్ డైపోల్ రెండూ ఉన్న ఆ ఏడు జూలైలో 113 శాతం పడి, ఆగస్టులో 36 శాతం లోటు వచ్చింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు లేదు. సెప్టెంబరులో మళ్లీ 113 శాతం పడి, సీజను లెక్క 94 శాతం దగ్గర తేలింది. కాగితం మీద 94 చూస్తే పెద్ద నష్టం లేదనిపిస్తుంది. ఆగస్టులో పూత, కాయ దశలో ఉన్న పైరుకు ఆ 94తో ఒరిగిందేమీ లేదు. సీజను మొత్తం సగటు మీద మాట్లాడేవాళ్లు ఈ సంగతి మరచిపోతుంటారు, అది రైతుకు చేటు.

ప్ర: ఈ సంబంధాన్ని మొదట ఎవరు పట్టుకున్నారు? (ఉపాధ్యాయుడు, కర్నూలు)

జ: దీని వెనుక మీ ప్రాంతపు కన్నీళ్లే ఉన్నాయి. 1876లో మొదలై రాయలసీమను, బళ్లారిని ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసిన ధాత కరువు 1878 దాకా సాగింది. 1877–78లో పసిఫిక్‌లో చాలా బలమైన ఎల్‌నినో నడిచిందని ఇప్పుడు తెలుసు, అప్పుడెవరికీ తెలియదు. ఆ కరువు తర్వాతే వానను ముందుగా అంచనా వేయాలన్న పట్టుదల వచ్చింది. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచును చూసి 1880లలో అంచనాలు మొదలుపెట్టాడు. 1904లో భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గణితవేత్త గిల్బర్ట్ వాకర్ ప్రపంచం నలుమూలల నుంచి వాయుపీడనం లెక్కలు తెప్పించి పోల్చాడు. పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందని, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుందని గమనించాడు. అందుకు కారణం సముద్రపు వేడి అని 1969లో వాతావరణ శాస్త్రవేత్త జాకబ్ బ్యెర్క్‌నెస్ ముడివేసి చూపించాడు.

ప్ర: ఎల్‌నినో అంటే కరువు అంటారు. 2015 ఎల్‌నినో ఏడాదే కదా, నవంబరులో మా పొలాలు మునిగిపోయాయి! (వరి రైతు, నెల్లూరు జిల్లా)

జ: ఈ విషయాన్ని టీవీ చర్చల్లో ఎవరూ చెప్పరు. నెల్లూరు, చిత్తూరు వైపు ఎల్‌నినో తలకిందులుగా పనిచేస్తుంది. మీ జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ కాలంలో వాన తెచ్చేది బంగాళాఖాతం మీదుగా వచ్చే తూర్పుగాలి. ఎల్‌నినో ఉంటే ఇండోనేషియా మీద దిగిన గాలి కింద పడమటికి మళ్లి హిందూ మహాసముద్రం మీద తూర్పుగాలిని బలపరుస్తుంది. పాజిటివ్ డైపోల్ తోడైతే ఇంకా ఎక్కువ. 2015లో నైరుతి 86 శాతంతో దేశాన్ని ఎండగట్టింది. అదే ఏడు నవంబరు, డిసెంబరుల్లో నెల్లూరు, చెన్నై నీట మునిగాయి.

ఎల్‌నినోకు ఉల్టాగా పసిఫిక్ చల్లబడే లానినా ఏళ్లలో, డైపోల్ తలకిందులయ్యే నెగటివ్ డైపోల్ ఏళ్లలో ఈశాన్యం తరచూ బలహీనపడుతుంది. 2016లో రెండూ కలిసి తమిళనాడుకు ఈశాన్య వర్షం 62 శాతం తగ్గింది. కానీ దీన్ని కూడా సూత్రంలా పట్టుకోవద్దు. 2021 లానినా ఏడాది. అయినా నవంబరు 19న చెయ్యేరు పోటెత్తి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఒక్క వాయుగుండం సరైన చోట తీరం దాటితే ఋతువు మొత్తం లెక్క తారుమారవుతుంది.

మీరు చేయగలిగింది ఇది. సెప్టెంబరు ఆఖరుకు ఎల్‌నినో, పాజిటివ్ డైపోల్ రెండూ నడుస్తున్నాయంటే నారుమడి పల్లంలో పోయకండి, మెరకలో పోసి చుట్టూ మురుగు కాలువ తీయండి. నారంతా ఒకేసారి పోయకుండా పది, పన్నెండు రోజుల తేడాతో రెండు విడతలుగా పోయండి. ఒకటి మునిగినా రెండోది దక్కుతుంది. మళ్లీ పోయాల్సి వస్తే పనికొచ్చేలా స్వల్పకాలిక రకం విత్తనం కొంత చేతిలో ఉంచుకోండి.

ప్ర: 2023లో తెలంగాణలో రికార్డు వానలన్నారు. మా సాగర్ ఎడమ కాలువకు మాత్రం నీళ్లు లేవు. ఇదేం న్యాయం? (ఆయకట్టు రైతు, మిర్యాలగూడ)

జ: ఆ ఏడు జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ నీళ్లన్నీ గోదావరికి పోతాయి. మీ కాలువ నిండాలంటే మహాబలేశ్వరం, కోయ్నా చుట్టుపక్కల పశ్చిమ కనుమల్లో వాన పడాలి. ఆ నీరు ముందు ఆలమట్టిని, నారాయణపూర్‌ను, జూరాలను దాటాలి. ఆ తర్వాత 215 టీఎంసీల శ్రీశైలం కొంతైనా నిండాలి. 312 టీఎంసీల సాగర్ వంతు చిట్టచివరిది. పైన లోటు వస్తే తోకకు చేరేది ఏమీ ఉండదు. 2023లో శ్రీశైలమే నిండలేదు.

కాబట్టి మీ ఊరి వానను చూసి నారు పోయకండి. ఆలమట్టి రోజువారీ ఇన్‌ఫ్లో చూడండి. జూలై ఆఖరు దాటినా ఆలమట్టి నిండక, కిందికి నీరు వదలకపోతే, అదీ ఎల్‌నినో ఏడైతే, వరి విస్తీర్ణం తగ్గించి బోరు కింద ఆరుతడి పంటలకు వెళ్లడమే మేలని మా అభిప్రాయం. ఆగస్టు మధ్యదాకా ఎదురుచూస్తే ఆరుతడి పంటల్లో చాలావాటికి అదను దాటిపోతుంది.

ప్ర: రుతుపవనాలు కేరళకు ముందే వస్తే ఆ ఏడు వానలు బాగున్నట్టేనా? (కళ్యాణదుర్గం)

జ: కాదు. 2009లో మే 23నే కేరళను తాకాయి. ఆ ఏడు దేశంలో వర్షం 78 శాతం, ఎల్‌నినో కరువు. అదే ఏడు అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. వచ్చిన తేదీకీ, కురిసే మొత్తానికీ పొంతన లేదు. మీ వేరుశనగకు అసలైన అదను జూలై. నెలాఖరు దాటినా పదును దొరక్కపోతే వేరుశనగ మీద పట్టుబట్టకుండా కంది, ఆముదం, కొర్ర, ఇంకా ఆలస్యమైతే ఉలవ వేసుకోండి.

ప్ర: బంగాళాఖాతం ఎంత వేడెక్కితే మనకు అంత ఎక్కువ వాన కదా? (మచిలీపట్నం)

జ: కొంతవరకే. నీరు 28 డిగ్రీలు దాటితేనే పెద్ద మబ్బులు లేస్తాయి. బంగాళాఖాతం వానాకాలంలో దాదాపు ఎప్పుడూ ఆ గీత పైనే ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద పలచగా పరుచుకుని, కింది చల్లనీటిని పైకి కలవనీయదు. అందుకే ఒక అల్పపీడనం వెళ్లగానే సముద్రం మళ్లీ త్వరగా కాగి ఇంకోదానికి సిద్ధమవుతుంది. ఆ పైన ప్రతి డిగ్రీకీ వాన అదే లెక్కన పెరగదు. పైగాలి కిందికి దిగుతూ ఉంటే ఎంత వెచ్చటి నీరున్నా మబ్బు ఎదగదు.

ఇంకోటి. 2024 ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు వరద నాటికి ఎల్‌నినో లేదు, లానినా కూడా మొదలవలేదు. ప్రతి వరదకూ పసిఫిక్‌లో కారణం వెతకక్కర్లేదు.

ప్ర: సముద్రం మధ్యలో ఉష్ణోగ్రత ఎవరు కొలుస్తారు? (ఇంటర్ విద్యార్థి, విశాఖపట్నం)

జ: ఉపగ్రహాలు పైనీటి వేడినే చూడగలవు. లోతు తెలియాలంటే ఆర్గో ఫ్లోట్లు కావాలి. మనిషంత పొడవున్న గొట్టాల్లాంటి ఈ యంత్రాలు వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ దారిపొడవునా వేడి, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. హిందూ మహాసముద్రంలో మన దేశం వదిలిన ఫ్లోట్ల సమాచారాన్ని సేకరించి సరిచూసే కేంద్రం హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్. మీ తీరంలో మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెప్పేది కూడా ఆ సంస్థే. ఫ్లోట్లతో పాటు లంగరు వేసి నిలిపిన బోయలు (నీటి మీద తేలే కొలత పరికరాలు) కూడా కొలతలు పంపుతాయి. వాటి తీగలకు చేపల వలలు తగులుకుని, పరికరాలు పోయి, నెలల తరబడి సమాచారం ఆగిపోతుంటుంది. వేటకు వెళ్లే మీ ఊరివాళ్లకు బోయలకు పడవలు కట్టవద్దని చెప్పండి. దానివల్ల తుపాను హెచ్చరికలకే ఇబ్బంది.

ప్ర: ఏప్రిల్‌లో ఒక శాతం చెప్తారు, మేలో ఇంకోటి. వాటిని పట్టుకుని మేమేం చేయాలి? విత్తాలా, ఆగాలా? (మహిళా రైతు, దేవరకొండ)

జ: భారత వాతావరణ శాఖ ఏప్రిల్ మధ్యలో మొదటి అంచనా, మే ఆఖర్లో రెండోది ఇస్తుంది. మొదటిదానికి ఐదు శాతం, రెండోదానికి నాలుగు శాతం అటూ ఇటూ తేడా ఉండవచ్చని వాళ్లే చెప్తారు. ఏప్రిల్ మాట తక్కువ నమ్మదగినది. మార్చి నుంచి మే వరకు పసిఫిక్ స్థితి ఎటు తిరుగుతుందో చెప్పడం ప్రపంచంలో ఏ నమూనాకైనా కష్టం. ఇక 96 నుంచి 104 శాతం అంటే మామూలు వర్షం, 90 లోపు అంటే లోటు. ఇదంతా దేశం మొత్తం సగటు, అంటే 87 సెంటీమీటర్ల మీద లెక్క. మీ మండలం గురించి అందులో ఏమీ లేదు.

అంచనా పటంలో మీ జిల్లా రంగు చూసేటప్పుడు 33 శాతాన్ని గుర్తుంచుకోండి. ఏమీ తెలియకపోయినా తక్కువ, మామూలు, ఎక్కువ వర్షాలకు తలా 33 శాతం అవకాశం ఉంటుంది. "తక్కువకు 45 శాతం" అని ఉంటే అవకాశం పెరిగిందనే అర్థం. తక్కువ పడకపోవడానికి ఇంకా 55 శాతం ఉంది. ఒకపక్క కాస్త బరువెక్కిన గవ్వ లాంటిది అది, పడేది ఎప్పుడూ అటువైపే కాదు.

కాబట్టి సీజను అంచనాతో చేయాల్సింది పంటల పొత్తు నిర్ణయం. తక్కువ వర్షం వైపు మొగ్గుంటే పత్తి ఒక్కటే వేయకుండా ప్రతి 4 లేదా 6 సాళ్లకు ఒక సాలు కంది పెట్టండి. ఎరువు మొత్తం ఒకేసారి కొని వేయకండి. ఎప్పుడు విత్తాలన్నది మాత్రం అంచనా చూసి కాదు, నేలలో పదును చూసి నిర్ణయించాలి. చెలకల్లో 50–60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60–75 మిల్లీమీటర్లు పడి నేల బాగా తడిశాకే పత్తి గింజ పెట్టండి. మృగశిర కార్తెలో 20 మిల్లీమీటర్ల వాన పడగానే విత్తితే పై కొన్ని అంగుళాలే తడుస్తాయి. గింజ మొలుస్తుంది, వేరు కిందికి దిగేలోపు బెట్ట వచ్చి మొలక మాడిపోతుంది. ఎల్‌నినో ఏళ్లలో రెండుసార్లు, మూడుసార్లు విత్తనం కొనాల్సి రావడానికి ప్రధాన కారణం ఇదే. పత్తి విత్తడానికి జూలై 20 దాకా సమయం ఉంది, తొందరపడొద్దు.

విత్తాక ప్రతి గురువారం వాతావరణ శాఖ ఇచ్చే రెండు నుంచి నాలుగు వారాల అంచనా చూడండి. మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహాల బులెటిన్ వస్తుంది, మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే దొరుకుతుంది. రెండు వారాలు పొడిగా ఉంటుందని తెలిస్తే గుంటక తోలి పైమట్టిని గుల్ల చేయండి, నేల నెర్రెలు బారి తడి పోకుండా ఆగుతుంది. పైరు వాడుముఖం పడితే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గానీ, 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) గానీ కలిపి ఉదయం పూటో సాయంత్రమో పిచికారీ చేయండి.

మండల కేంద్రంలో పడ్డ వాన మీ చేనులో పడకపోవచ్చు. అందుకని సొంత కొలత పెట్టుకోండి. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఏదైనా సరిపోతుంది. మూతి ఎంత వెడల్పున్నా లోపల నిలిచిన నీటి లోతే వర్షపాతం. సీసా వాడితే పైభాగం కోసేసి, అడుగు వంపు నిండేదాకా గులకరాళ్లు, నీళ్లు పోసి అక్కడ గీత గీయండి, కొలత ఆ గీత నుంచి. చెట్టుకూ గోడకూ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, నేల నుంచి అడుగు ఎత్తున కదలకుండా బిగించండి. రోజూ ఉదయం 8:30కు స్కేలుతో కొలిచి రాసుకుని, నీటిని గీత దాకా వంపేయండి. ఒక్క మిల్లీమీటరు అంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీరు. ఆ లెక్కన మీ చెలకకు విత్తే ముందు కావలసింది ఎకరాకు కనీసం రెండు లక్షల లీటర్లు.